అక్క బదులు

పరాయి దేశంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఉద్యోగానికని ఆ పొద్దున్నే విమానం దిగిన చెల్లెలు, టీచర్లు ఉండే గదిలోకి వచ్చేసరికి తనని పిలిపించిన పెద్దమ్మ కూతురు పెట్టె సర్దుకుంటోంది.

"ఇదేంటక్కా, ఎక్కడికి?"

"ఇంటికి. మధ్యాహ్నమే ప్రయాణం."

"ఇద్దరం కలిసి ఉందామన్నావుగా! నిజం చెప్పు."

అక్క బట్టలు మడతపెట్టడం ఆపలేదు. "ఏడాదిగా వెళ్తానంటున్నా. నా బదులు ఇంకో టీచరు వస్తేగానీ పాస్‌పోర్టు ఇవ్వనన్నాడు ప్రిన్సిపాల్."

చెల్లెలి చెయ్యి గబుక్కున చేతిసంచిలోకి వెళ్లింది. గంట క్రితమే రిజిస్టర్లో రాసుకోవాలంటూ ఆఫీసులో తన పాస్‌పోర్టు తీసుకున్నారు.

"అంటే నన్ను పిలిచింది ఉద్యోగానికి కాదన్నమాట."

"ఉద్యోగమేనే. పిల్లలు మంచివాళ్లు. రోజుకి తొమ్మిది క్లాసులు..."

"నాలుగే అన్నావు!"

"నాలుగంటేనే కదే నువ్వొస్తావు."

"అక్క ఉందిగా, భయమేంటని పంపింది అమ్మ."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను. వేరేవాళ్లయితే వంద ప్రశ్నలు వేసేవాళ్లు."

చెల్లెలు మొహం తిప్పుకుని ఏడ్చేసింది.

"ఏడవకే. నువ్వూ ఎవరో ఒకరిని రప్పించుకో. నీ స్నేహితురాలు వస్తానంటోందిగా."

చెల్లెలు కళ్లు తుడుచుకుని ఫోను తీసింది.

"ఏం రాయాలో చెప్పనా?" అంది అక్క.

"అక్కర్లేదు. రావద్దని రాస్తున్నాను."