ముళ్ళు మొలవని పుప్పొడి

ప్రదర్శనకు ఎంపికైన తను గీసిన బొమ్మ పట్టుకుని అమ్మాయి ల్యాబ్‌లో నిలబడింది. టీచర్ మైక్రోస్కోపు మీదికి వంగారు.

"మందార పుప్పొడికి ముళ్ళు ఎంత ముద్దుగా గీశావే! ఏదీ, నీ స్లైడులో... ముళ్ళేవీ?"

"ఉన్నాయండీ..."

"ఎక్కడ? ఇది మరీ లేత మొగ్గ. చుట్టూ ఉన్న కణాలు సరుకు అందిస్తేనే రేణువుకి పైగోడ గట్టిపడేది, ముళ్ళు లేచేది. దీనికింకా ఆ పని మొదలే కాలేదు."



"పుస్తకంలో చూసి గీశానండీ."

"స్లైడు చూడనే లేదా?"

"చూశాను టీచర్. నున్నగా కనిపించాయి. నాకే చూడటం రాదేమో అనుకున్నా."

టీచర్ మైక్రోస్కోపు వదిలి బొమ్మ అందుకున్నారు.

"ఈ మొగ్గ పుప్పొడే అందరికీ ఇచ్చాను. అందరూ ముళ్ళే గీశారు. నేనూ స్లైడు చూడకుండానే పదికి పది వేశాను" అంటూ బొమ్మ మీది ఎర్ర అంకెను అరచేత్తో మూసేశారు.