మావిస్‌కి కుట్టిన షిమ్మీ

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు," అంటూ టీ గుడారంలో మూడో కప్పు అందుకున్నాడు క్లైవ్. ఇక తప్పదని మేం బెంచీ మీద సర్దుకుని కూచున్నాం.

రేపే మా డెర్బీ మైదానంలో పాతకాలపు వేషాలు కట్టి యుద్ధం ఆడే వేడుక. ఒంటి మీద లోపలి బట్టతో సహా ఇంట్లో చేత్తో కుట్టిందే ఉండాలి, కొన్నది కుదరదు. క్లైవ్ పెళ్లాం మావిస్ ముప్పయ్యేళ్లలో ఒక్కసారీ రావడం మానలేదు. ఈ ఏడు పాత షిమ్మీ చిరిగింది, కీళ్లవాతంతో ఆమె వేళ్లు సూది పట్టడం మానేశాయి. అందుకని కొత్తది క్లైవే కుట్టాడట.

"మూడువందల ఏళ్ల నాటి నమూనా! మొదటి రోజు అంగుళానికి పది కుట్లు. రెండోరోజు ఇరవై. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెయ్యి ఊపందుకుని అరవై!"

"అరవై కుట్లు పడితే ఇంక గుడ్డేదోయ్?" అన్నాడు నా పక్కనున్న నెవిల్.

"విను మరి! సూది ఎర్రగా కాలింది. బకెట్లో ముంచితే నీళ్లు మరిగాయి, వాటితోనే టీ పెట్టుకున్నాం. దారానికి రాసే తేనెమైనం వాసనకి ఊళ్లో తేనెటీగలన్నీ దిగాయి. ఊరికే కూచోనిస్తానా? సగం అంచు వాటిచేతే కుట్టించాను!"

"అయితే సగం నీ కుట్టు కాదన్నమాట," అంది మూలనుంచి థెల్మా. బట్టలు తనిఖీ చేసేది ఆవిడే.

"అబ్బే, అదంతా విప్పేసి మళ్లీ నేనే కుట్టానండీ! ఈగలకి మడతకుట్టు ఏం తెలుసు?"

"పోయినేడు బొత్తాం ఊడితే పిన్నీసు పెట్టుకొచ్చావు. బొత్తామే కుట్టలేనివాడివి, ఇది కొనుక్కొచ్చావేమో, ఇటివ్వు," అంది థెల్మా.

క్లైవ్ నెమ్మదిగా సంచిలోంచి షిమ్మీ తీసిచ్చాడు. అప్పుడే వచ్చిన మావిస్ గుడారం వాకిట్లోనే ఆగింది. థెల్మా షిమ్మీని బల్లమీద పరిచి, కుట్టు కుట్టూ తడిమి, పైకెత్తి అటూ ఇటూ తిప్పింది.

"తల ఎక్కడ దూర్చాలి?"

చూస్తే మెడ లేదు. పైన మడతపెట్టిన గుడ్డ మడతపెట్టినట్టే ఉంది.

క్లైవ్ కప్పు కింద పెట్టాడు. "మెడ ఆఖర్న కత్తిరించమని నమూనా కాగితంలో ఉంది. మూడురోజులు కత్తెర పట్టుకుని కూచున్నాను. తప్పు పడితే మావిస్ రాలేదు కదా... చెయ్యి ఆడలేదు."

నెవిల్ జరిగి చోటిచ్చాడు. మావిస్ వచ్చి మొగుడి పక్కన ఆనుకుని కూచుంది.

థెల్మా జాబితా తీసి మావిస్ పేరు పక్కన టిక్కు పెట్టింది.

"కొన్నదైతే మెడ ఉండేది. ఇది ముమ్మాటికీ నువ్వు కుట్టిందే."