కార్డు అడుగు పక్క

సిరుగుప్ప బస్టాండు వెనక ఒక ఇంట్లో, భార్య కుట్టుమిషను ఎదురుగానే భర్త బల్ల. దాని మీద పాతకాలపు హోమ్ కంప్యూటరు. దానికి మెమరీ పెంచే కార్డును అతను చేత్తో తయారు చేసుకున్నాడు. పెట్టిన రెండు చిప్పులూ కాలిపోయాయి. మూడోది చేతిలో ఉంది.

“ఆగయ్యా! దాన్ని గూడా కాల్చుకుంటావా?”

“నీ జాకెట్లు నువ్వు కుట్టుకో మే. చిప్పు కాళ్ళ చార్టు చూసి, కార్డు మీద రాగి గీత గీతా సరిగ్గానే గీసినా. ఇది పోతే ఇంగ యాడా దొరకదు.”

“చార్టులో చిప్పును యాడనుంచి చూపించిండేది?”

“పైనుంచి.”

“నువ్వు గీసిండేది?”

“రాగి ఉండేది కిందనే కదా. అడుగు పక్క.”

“జాకెట్ బట్ట తిరగేసి కత్తిరిస్తే కుడిచెయ్యి ఎడమచెయ్యి అయితాది. నీ చిప్పు కాళ్ళూ అట్లే తారుమారైండాయి.”

అతను కార్డును కిటికీ వెలుతురుకు ఎత్తి, తిప్పి తిప్పి చూశాడు.

“అయితే మళ్ళా కొత్తది చేయాల్నా?”

“ఎందుకు? చిప్పును రాగి పక్కనే పెట్టి అతికించు. కార్డును తిరగేసి గుచ్చు.”

“ఇంత తెలిసి, రెండు కాలేదాకా సుమ్నే, నోరు మెదపకుండా కూర్చుంటివా?”

“ఇన్నేండ్లలో నన్ను ఆ బల్ల దగ్గరికి ఎప్పుడు రానిస్తివి?”

అతను లేచి, తన స్టూలును ఆమె వైపు జరిపాడు.