కొక్కేలకి కట్టని ఉయ్యాలలు

"పక్షెక్కిన ప్రతి బిడ్డకీ ఉయ్యాల కట్టిస్తా, మీ ఇంట్లో కన్నా సుఖంగా నిద్దరోతారు" అని రాజు నడివీధిలో డప్పు కొట్టించి మరీ చెప్పాడంట. ఆ మాట నమ్మి నూకాలు చంటిపిల్లనెత్తుకుని కొయ్యపక్షి ఎక్కింది. పక్షంటే మామూలు పక్షి కాదు, ఓ వీధంత ఉంటదనుకో. దాని కడుపులో జనం కూచుంటే సముద్రం అవతల ముత్యాల దీవికి ఎగిరిపోద్ది. ఒకసారి రెక్క చాపిందంటే పొద్దు పొడిచి, కుంకి, మళ్ళీ పొడిచేదాకా దిగదు. దీవిలో ముత్యాలు ఏరేది మన ఆడోళ్ళు, మెడలో వేసుకునేది రాణులు. శ్రమ మనది, సొమ్ము వాళ్ళది! ఊఁ కొట్టండి, అప్పుడే కునుకా?

లోపలికెళ్ళాక ఏమైందంటే, కొక్కేలున్నాయి, ఉయ్యాలలు లేవు. ప్రతి కొక్కేనికీ రాజుగారి పట్టుమూటలు వేలాడుతున్నాయి, దీవిలో అమ్ముకోడానికంట. నూకాలు పక్షి పెత్తందారుని అడిగింది, ఏమయ్యా, ఉయ్యాలన్నారు, ఏదీ అని. వాడు పళ్ళికిలించి, "అమ్మ ఒడి కన్నా మెత్తటి ఉయ్యాల ఉందా తల్లీ?" అన్నాడు. చూశారా, మన మాటే తెచ్చి మన నోట్లో కుక్కాడు. పక్షి లేచింది. పైకెళ్ళేకొద్దీ చలి, చెవులు దిబ్బడేశాయి, పిల్లలు గుక్కపట్టారు. దేముడమ్మని ఓ పెద్దావిడ, ముందే ఒకసారి ఎగిరొచ్చిన మనిషి, "ఒసే నూకాలూ, చన్నియ్యవే, మింగుతుంటే చెవులు విడతాయి. నీ పాతకోక చుట్టు, నీ వాసనకి పడుకుంటది" అంది. అలా చేస్తే గవిరి, అదే, పిల్ల పేరు గవిరిలే, కాసేపు కునికింది. మళ్ళీ లేచింది. కాళ్ళు చాపే చోటు లేదు, ఎలా పడుకుంటది?

ఇంతలో పక్షి పై అంతస్తులో పరుపులేసుకుని పడుకున్న షావుకార్లకి ఈ ఏడుపులకి నిద్ర చెడిందంట. పెత్తందారు నల్లమందు రంగరించి తెచ్చి, వరసకో గిన్నె పెట్టి, వేలితో నాకించండి, హాయిగా పడుకుంటారు అని పోయాడు. నల్లమందు మనకి కొత్తా? గట్టు మీద పిల్లని పడుకోబెట్టి నాట్లకి దిగిన అవ్వలు మన అవ్వలే కదా. నూకాలు ఆవగింజంత నాకించింది. మరి మనోళ్ళకో అలవాటుంది, ఏడ్చే బిడ్డని ఒక్కతల్లికే వదిలెయ్యరు. "నీ చేతులు లాగేస్తుంటాయి, ఇటియ్యవే" అని పక్కావిడ అందుకుంటది. గవిరి అలా ఒడి మారి ఒడికి వెళ్ళింది. ఒక ఒళ్ళో మూలిగింది. అయ్యో, దీనికి మందు పడలేదు కాబోలు అని ఆవిడో చుక్క. ఇంకో ఒళ్ళో కదిలింది. అయ్యో, పడలేదు కాబోలు అని ఈవిడో చుక్క. అందరూ ప్రేమతోనే, వినండి, అందరూ ప్రేమతోనే. పక్షి దిగుతుంటే నూకాలు, "నా పిల్లనియ్యండమ్మా, చెవులు నొప్పెడతాయి, చన్నియ్యాలి" అంది. ఇచ్చారు. నోటికి పెట్టింది. పిల్ల చప్పరించలేదు.

ఆ వరస ఆడోళ్ళెవరూ ముత్యాల బుట్ట ముట్టలేదు. కొట్టినా ముట్టలేదు. చేసేది లేక పెత్తందారు అదే పక్షిలో తిరిగి తెచ్చాడు. అందరూ వెళ్ళి రాజు ముందు నిలబడ్డారు. రాజు అంతా విని, నిట్టూర్చి, "చంపింది నేనా తల్లీ? మీ చేతులే కదా?" అన్నాడంట. దేముడమ్మ ముందుకొచ్చి, "అవును బాబూ, మా చేతులే. ఆ పాపం మేం చచ్చేదాకా మోస్తాం. బిడ్డ చోటు పట్టుమూటకిచ్చింది ఎవరి చెయ్యో, అది నువ్వు చెప్పు" అంది. రాజు లేచి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

గవిరి లేచి కూచుందని చెప్పమంటారా? చెప్పను. అబద్ధాలతో జోకొట్టే కథలు ఈ దేశంలో చాలా ఉన్నాయి. పాలకుడి మౌనం కూడా నేరమే! ఆ ఆడోళ్ళు కోట గుమ్మం ముందు అలాగే కూచున్నారంట, అవతల కొయ్యపక్షికి మళ్ళీ నూనె రాస్తున్నారంట. రాజు చెప్తాడో, రాజు కొడుకు చెప్తాడో, వాళ్ళ తరఫున అడుగుతున్నా: ఏరువాక పున్నమి పొద్దు కుంకేలోపు దేముడమ్మ అడిగినదానికి జవాబు కావాలి.