టీవీ జడ్జిగారి తీర్పు

కుటుంబ న్యాయస్థానం వరండాలో చెక్కబెంచీ. భర్త ఈ చివర, భార్య ఆ చివర. మధ్యలో ఆవిడ చేతిసంచీ.

“చూశారా, బంట్రోతు లేచి నిలబడి మరీ దణ్ణం పెట్టాడు మీకు.”

“టీవీలో రోజూ జడ్జిగా చూసిన మొహం కదా. ఇంకా మర్చిపోయినట్టు లేడు.”

“ఇందాక అసలు జడ్జిగారు వెళ్తే అంత వంగలేదు. మీరొచ్చింది విడాకులకని తెలిస్తే, పాపం, ఆ దణ్ణం వెనక్కి తీసుకుంటాడు.”

“నెమ్మదిగా. పక్కవాళ్ళు వింటున్నారు.”

“విననివ్వండి. వాళ్ళొచ్చిందీ అందుకేగా.”

“సరే, లోపల నువ్వు కంగారుపడకు. ముందు నేను మాట్లాడతాను. గౌరవనీయులైన న్యాయమూర్తిగారికి...”

“అవేం అక్కర్లేదు. అడిగినదానికే జవాబు చెప్పమంది వకీలమ్మ. ఇష్టపూర్వకంగానే విడిపోతున్నారా అంటారట. అవునండీ అనాలి, అంతే. మీరు మాత్రం కళ్ళజోడు తీసి, తుడిచి, నీళ్ళు తాగి, పైకి ఫ్యాను కేసి చూసి అప్పుడు చెప్పకండి.”

“అది డైరెక్టరు చెయ్యమనేవాడు.”

“ఆయనకేం, సగం తీర్పు శుక్రవారం చెప్పించి మిగతా సగం సోమవారానికి దాచుకునేవాడు. ఇక్కడ జడ్జిగారికి ఇంకా బోలెడు కేసులున్నాయి.”

“నా చేతికో సుత్తి కూడా ఇచ్చేవాళ్ళు. అసలు కోర్టులో అది ఉండనే ఉండదు.”

“తెలుసు. పాప కేసులో చూశాంగా.”

“ఊఁ.”

“సుత్తీ లేదు, అరుపులూ లేవు. ఆయన తలైనా ఎత్తకుండా ఏదో చదివేశాడు. తీర్పయిపోయిందని మనకి తెలీనే లేదు. ఏమన్నారండీ అని మీరు పక్కనున్న గుమాస్తాని అడిగారు. పెన్సిలు చెక్కుకుంటూ చెప్పాడాయన, ఆ వ్యానువాణ్ణి వదిలేశారని.”

“సాక్షి ఎదురు తిరిగాడు కదా. వ్యాను తోలింది వాడేనని పోలీసులకి చెప్పినవాడు, బోనెక్కాక మొహం సరిగ్గా చూళ్ళేదన్నాడు. ఇంక ఆ జడ్జి మాత్రం ఏం చేస్తాడు? మనకి తెలియడం వేరు, రుజువు కావడం వేరు. అనుమానం మిగిలితే అది ముద్దాయికే లాభం.”

“అప్పుడూ ఇలాగే చెప్పారు. పాఠంలా.”

“పాఠం కాదే, చట్టం.”

“నాకు ఆ జడ్జి మీద కోపం లేదండీ. ఆయనకి మన పాప కాగితంలో ఉన్న ఒక పేరు. జడ ఎప్పుడూ ఎడమ భుజం మీదికే వేసుకునేదని ఆయనకేం తెలుసు? మీకు తెలుసు.”

“మళ్ళీ అదెందుకు ఇప్పుడు?”

“ఇప్పుడే. ఇంకాసేపాగితే ఒకరి మాట ఒకరు వినాల్సిన పని కూడా ఉండదు మనకి.”

“సరే. అను.”

“ఏడాది తిరక్కుండా మీ సీరియల్ వాళ్ళు అదే కథ తెచ్చారు. బడి నుంచి వస్తున్న పిల్ల, గుద్ది చంపేసిన వ్యాను, ఎదురు తిరిగిన సాక్షి. పేపర్లో చదివి రాసుకున్నట్టున్నారు. నేను బట్టలు మడతపెడుతున్నాను. మీరు నల్లకోటు వేసుకుని కుర్చీలో...”

“నీకు ముందే చెప్దామనుకున్నాను.”

“చెప్పలేదు.”

“చెప్పలేదు.”

“సంశయలాభం కింద నిర్దోషిగా విడుదల చేస్తున్నాం, అని వినపడింది. అప్పటికే వంటింటి గుమ్మం దాకా వెళ్ళిపోయాను. లోకమంతా వాణ్ణి వదిలేసినా సరే అనుకున్నాను. మనింట్లో, మన టీవీలో, దాని నాన్న నోటితో వదిలెయ్యడం ఏమిటండీ? మర్నాడే అక్క దగ్గరికి వెళ్ళిపోయాను.”

“అంటే, ఆ మాట వచ్చినప్పుడు టీవీ వైపు చూళ్ళేదా నువ్వు?”

“విన్నది చాలదా? అక్క చూసిందట. మీ ఆయన ఎంత గంభీరంగా చదివారే, అంది.”

“అది నా గొంతు కాదు.”

“ఏంటి?”

“నా గొంతు కాదు. వేరే అతను చెప్పాడు. అచ్చం నాలాగే పలుకుతాడు.”

“ఇన్నేళ్ళు కాపురం చేసి మీ గొంతు నాకు తెలీదా? ఆ రోజు కాస్త బొంగురుగా ఉంది. జలుబు చేసిందేమో అనుకున్నాను.”

“చదువుతానని ఒప్పుకున్న మాట నిజం. పని పోతుందని ఒప్పుకున్నాను. తీరా కుర్చీలో కూర్చున్నాక, శిక్ష వేస్తున్నాననే వచ్చింది నోట్లోంచి. మళ్ళీ తీశారు. మళ్ళీ అదే. కాగితం చేతికిచ్చి, చూసి చదవండి సార్ అన్నారు. చూస్తూ కూడా అదే అన్నాను. మధ్యలో పాప పేరు కూడా వచ్చేసిందట. లైట్లు సర్దే అతను తర్వాత చెప్పాడు. నాకు తెలీనే తెలీదు.”

“పాప పేరా?”

“చివరికి విసుగెత్తి, ఏదో ఒకటి అనండి, తర్వాత గొంతు అతికించుకుంటాం అన్నారు. నేను శిక్షే వేసేశాను. నా పెదాలు చూసుంటే నీకు తెలిసేది.”

“అందుకేనా సీరియల్లో జడ్జికి ఉన్నట్టుండి బదిలీ అయిపోయింది?”

“అందుకే. కొత్తాయన్ని పెట్టుకున్నారు. చెప్పింది చెప్పినట్టు చదువుతాడట.”

“మీరే విసుగొచ్చి మానేశారని అక్క చెప్పిందే?”

“అలా చెప్పమన్నది నేనే.”

“ఇన్నాళ్ళూ నాతో ఒక్క ముక్క అనలేదేం?”

“ఏమనను? చదువుతానని ముందు ఒప్పుకున్నది నేనేగా. నీ కోపంలో తప్పేముంది... అదుగో, మనల్నే పిలుస్తున్నారు. లే.”

“కూర్చోండి.”

“మనల్నేనే.”

“వినపడింది. వకీలమ్మని ఇలా రమ్మనండి. వాయిదా అడగమందాం.”