గడప దాటొద్దు

కరోనా కాలం. చింతామణి టౌను పక్క పల్లెలో, మార్కెట్లో పట్టుగూళ్ళు అమ్మి దగ్గుతా వచ్చిన మొగుణ్ణి పెండ్లాము గడప దగ్గరే నిలేసింది.

“నా ఇంట్లోకి నన్నే రానీవా?”

“రానీను. లోపల మీ అమ్మకు ఆయాసం ఉండాది.”

“ఒట్టి దగ్గేలే. జరుగు.”

“మొన్న మీ అన్న కాళ్ళు కడగకుండా పురుగుల షెడ్డులోకి వస్తే, మెడబట్టి గెంటింది ఎవురు?”

“నేనే. పట్టుపురుగు సున్నితం. ఒకదానికి రోగం తగిలితే తట్టంతా పోతాది.”

“రోగం కంటికి కనపడే లోపలే పక్కదానికి అంటుకోని ఉంటాదని చెప్పిందీ నువ్వే. మీ అమ్మ పురుగు కన్నా తక్కువా?”

అతను గడప దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి జరిగినాడు.

“ఇప్పుడు యాడ పండుకునేది?”

“షెడ్డు ఖాళీగానే ఉండాది. పరీక్ష చేయించి, బాగయ్యేదాకా ఆడే. అన్నం వాకిట్లో పెడతా.”

“పెండ్లాము గెంటేసిందని ఊరంతా నవ్వుతాదే!”

“నవ్వనీ. మూతికి గుడ్డ కట్టుకోని నవ్వమను.”