పన్నెండో మంచం కార్డు

ఆస్పత్రి రెండో అంతస్తు వార్డు. మధ్యాహ్నం. ఖాళీగా ఉన్న పన్నెండో మంచం దగ్గర అక్కా, తమ్ముడూ.

“అమ్మేదిరా?”

“ముందు కూర్చో అక్కా. మెట్లెక్కి వచ్చావా? లిఫ్టు ఉందిగా.”

“నేనడిగింది లిఫ్టు గురించి కాదు. ఈ మంచం అమ్మది. దుప్పటి మార్చేశారు, దిండు మార్చేశారు. కర్ర లేదు, కళ్ళజోడు డబ్బా లేదు. అమ్మేది?”

“పైన ఉంది. మూడో అంతస్తులో. బాగానే ఉంది, అన్నం కూడా తింది. నీ కుడి కాలి చెప్పు ఏది?”

“మెట్ల మీద జారింది. పట్టీ వదులు. పైన ఎందుకుంది?”

“పట్టీ మొన్ననేగా కుట్టించాను.”

“ఒరేయ్, చెప్పు సంగతి పక్కన పెట్టు. ఇవాళ అమ్మని ఇంటికి తీసుకెళ్దామని బండి మాట్లాడుకుని వచ్చాను. ఆ బండి మనిషి కింద నిలబడి ఉన్నాడు. వచ్చి చూస్తే మంచం ఖాళీ. నేనేమనుకోవాలిరా?”

“ఫోను చేద్దామనుకున్నాను.”

“అనుకున్నావు.”

“అనుకున్నానక్కా, నిజంగా.”

“సరే, నాకొకటి చెప్పు. నేను పెద్ద చదువులు చదువుకోలేదు, కానీ ఏడు వారాలుగా ఈ ఆస్పత్రి మెట్లు అరగదీస్తున్నాను. మొదటి అంతస్తు దేనికి?”

“జబ్బు తగ్గించడానికి.”

“ఈ రెండోది?”

“నడకా, చేతి పనీ మళ్ళీ నేర్పి ఇంటికి పంపడానికి.”

“మూడోది?”

“…ఉండటానికి.”

“ఎన్నాళ్ళు?”

“అక్కా, అలా అడిగితే ఏం చెప్పను?”

“నేను చెప్తాను. ఉన్నన్నాళ్ళు. ఆ లిఫ్టు పైకి మనుషుల్ని తీసుకెళ్తుంది, కిందికి ఖాళీ కుర్చీలు తెస్తుంది. నేను కళ్ళారా చూశాను. మరి నడిచే మనిషిని అక్కడికెందుకు పంపారు? ఎవరు సంతకం పెట్టారు?”

“నేను పెట్టలేదు.”

“నువ్వు పెట్టావని నేననలేదే. భుజాలు తడుముకుంటావెందుకు?”

“నువ్వు చూసే చూపే అలా ఉంది.”

“మీ ఆవిడ ఏమంది?”

“దాన్నెందుకు లాగుతావు? దానికేం తెలీదు.”

“దానికేం తెలీదు. అంటే నీకు తెలుసు. నా దగ్గర ఆరు నెలలు, నీ దగ్గర ఆరు నెలలు అనుకున్నాం కదా. నా ఆరు నెలలు గడిస్తే నీ వంతు వస్తుందని ఇప్పుడే దారి చూసుకున్నావా?”

“అంత మాట అనకు.”

“అంటాను. చిన్నప్పుడు నీ బడి సంచీ కూడా నేనే మోసాను. నాకా అధికారం ఉంది.”

“ఉంది. నేను లేదన్నానా?”

“అయితే దేవుడి మీద ఒట్టేసి చెప్పు. ఇందులో నీ చెయ్యి లేదని.”

“…ఒట్లు వద్దక్కా. ఇప్పటికే ఒకటి వేసి బాధపడుతున్నాను.”

“ఎవరికి వేశావు?”

“అమ్మకి.”

“ఏమని?”

“చెప్పనని వేశాక ఏమని అంటే ఎలా చెప్పను?”

“బావుంది. ఇందాక ఆయమ్మని అడిగాను. నిన్న నేను వెళ్ళిపోయాక నువ్వూ, అమ్మా, హెడ్ నర్సూ ముగ్గురూ తెర లాక్కుని అరగంట మాట్లాడుకున్నారట. ఏం మాట్లాడుకున్నారని అడిగితే ఆవిడకి ఉన్నట్టుండి బకెట్టు గుర్తొచ్చింది, వెళ్ళిపోయింది. అంతా కలిసి నా దగ్గరేదో దాస్తున్నారు. అదిగో, ఆ కార్డు చూడు.”

“ఏ కార్డు?”

“మంచం తల దగ్గర గోడకి ఉండే పేరు కార్డు. గోడ వైపుకి తిప్పి పెట్టారు. ఎందుకు తిప్పారు?”

“ఊడ్చేటప్పుడు తిరిగిపోయి ఉంటుంది.”

“చీపురు అంత ఎత్తున ఊడుస్తుందా? కొత్తగా వచ్చేవాళ్ళెవరో నాకు తెలియకూడదని తిప్పారు. ఎవరో పెద్దమనిషి తాలూకు అయ్యుంటారు. ఏదీ, తప్పుకో.”

“అక్కా, ఆగు. అది ముట్టుకోకు.”

“చూశావా, నీ గొంతే మారిపోయింది.”

“ఏమ్మా, ఏంటీ గొడవ? మా వాళ్ళంతా వ్యాయామం మానేసి మీ మాటలు వింటున్నారు. ఐదో మంచం ఆయన చెవి మిషన్ కూడా పెట్టుకున్నాడు.”

“రండి సిస్టర్, మీకోసమే చూస్తున్నాను. ఈ వార్డు పెద్ద మీరే కదా. మా అమ్మని పైకి పంపమని ఎవరు చెప్పారు?”

“డాక్టరుగారు రాశారమ్మా.”

“ఊరికే ఎందుకు రాస్తారు?”

“మూడో అంతస్తంటే అందరూ భయపడతారు. అక్కడ ఉండిపోయేవాళ్ళున్న మాట నిజమే. కానీ తిరిగి ఇంటికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో ఏర్పాటు కుదిరేదాకా పెద్దవాళ్ళని ఉంచుకోవడానికి ఆరు పడకలు విడిగా పెట్టాం. మామ్మగారు ఉన్నది అందులోనే.”

“మా ఇంట్లో ఏర్పాటు కుదిరింది. గడప దగ్గర వాలుగా చెక్క కొట్టించాను. స్నానాల గదిలో కడ్డీ బిగించాను. మంచం కాళ్ళు రెండంగుళాలు కోయించాను. మీ మనిషి వచ్చి కొలిచి బావుందని వెళ్ళాడు. ఇంకేం కుదరాలి?”

“చెక్క సంగతి కాదమ్మా.”

“మరి?”

“తమ్ముడుగారూ, మీరు చెప్పలేదా?”

“నా వల్ల కాలేదు సిస్టర్.”

“ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఆపండి. శుక్రవారం అమ్మకి చేసిన పరీక్ష కాగితం చూపించండి. నేను ఆవిడ కూతుర్ని, నాకు చూపించాలి.”

“చూపిస్తాను. అందుకే ఫైలు తెచ్చాను. ఇదిగో, ఈ పేజీ.”

“అక్కా, కూర్చుని చదువు.”

“నిలబడే చదువుతాను. ‘మెట్లు: కుడి కాలు ఈడుస్తున్నారు. మూడో మెట్టు దగ్గర గోడ పట్టుకున్నారు. కుడి చేతి పట్టు బలహీనం. అడిగితే ఏమీ లేదంటున్నారు.’ …సిస్టర్.”

“చెప్పండి.”

“మా అమ్మకి విరిగింది ఎడమ తుంటి.”

“అవునమ్మా.”

“ఇక్కడ కుడి కాలని రాశారు. కుడి కాలికేం లేదు ఆవిడకి, ఆ కాలి మీదే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. ఇది మా అమ్మ కాగితం కాదు. ఇంకెవరిదో తెచ్చి మా అమ్మ ఫైల్లో పెట్టారు. దాన్ని పట్టుకుని పైకి తోసేశారు. విన్నావురా తమ్ముడూ?”

“వింటున్నాను.”

“ఇంత అన్యాయం జరిగితే గుడ్లప్పగించి చూస్తావేంట్రా? శుక్రవారం నేను పక్కనే ఉన్నాను సిస్టర్. మీ అభ్యాసం గదిలో నాలుగు చెక్క మెట్లూ పైకి లెక్కపెడుతూ ఎక్కింది, వెనక్కి లెక్కపెడుతూ దిగింది. అందుకేగా ఆవిడకి మీరు హెడ్మాస్టరుగారని పేరు పెట్టారు. ఆ తర్వాత నన్నూ మెట్లెక్కి దిగమన్నారు, ఇంట్లో వెనకాల పట్టుకునే మనిషిని కదా అని. దిగాను. అమ్మని మంచం మీంచి కుర్చీలోకి మూడుసార్లు దించమన్నారు. దించాను.”

“మూడుసార్లా అక్కా?”

“రెండు. మూడోసారి ఆ కుర్ర డాక్టరు అడ్డొచ్చి చాలన్నాడు. నన్ను కిటికీ దగ్గరికి పిలిచి రెండు చేతులూ పైకెత్తమన్నాడు. నవ్వమన్నాడు. డెబ్భై ఏళ్ళ దానితో ఏం సరసంరా అది?”

“చీటీ కూడా ఇచ్చాడు కదా.”

“ఏదో తలకి స్కాను తీయించుకోమన్నాడు. ఎక్కడో పెట్టాను, కనబడలేదు. చూడటానికి వచ్చినవాళ్ళని కూడా రోగుల్ని చేస్తే గానీ వీళ్ళకి పొద్దుపోదు. ఇంతకీ కింద ఈ సంతకం ఎవరిది?”

“ఏదమ్మా?”

“ఇదిగో, ‘ఇంటి మనిషి సంతకం’ అన్న చోట. నా పేరే రాశారు. కానీ ఇది నా సంతకం కాదు. నేనిలా వంకరగా పెట్టను. పింఛను ఆఫీసులో నా సంతకం చూసి అచ్చులా ఉందంటారు. ఇది కోడి గీకినట్టుంది. దొంగ సంతకం. ఒరేయ్, నువ్వు పెట్టావా?”

“లేదక్కా.”

“సిస్టర్, నేను పై అధికారుల దగ్గరికి వెళ్తాను. కాలు మార్చారు, సంతకం మార్చారు, మంచం ఇంకెవరికో ఇచ్చారు. రోజూ పొద్దున్నే అమ్మని ఇంటికి పంపమని దేవుణ్ణి అడిగాను. సరేనన్నట్టే ఉంది ఆయన తీరు. ఇప్పుడు మీరంతా కలిసి ఆయన మాట కూడా మార్చేశారు. ఆయనైనా ఎలా ఊరుకున్నాడో నాకు తెలీదు.”

“వెళ్ళండమ్మా, నేనే తీసుకెళ్తాను. దానికి ముందు ఈ తెల్ల కాగితం మీద మీ సంతకం ఒకసారి పెట్టండి. పక్కపక్కన పెట్టి చూపిస్తే వాళ్ళకి తేలిగ్గా తెలుస్తుంది.”

“అదీ మాట. ఇవ్వండి. …పెట్టాను. చూడండి. ఈ పెన్ను జారుతోంది.”

“ఇదిగో, ఇంకోటి.”

“…దీనికి సిరా సరిగ్గా రావడం లేదు.”

“అక్కా, చాల్లే.”

“ఉండరా. బల్ల ఎత్తు తక్కువ. ఈ ఫైలు మీద పెట్టి రాస్తాను.”

“అక్కా, మూడూ ఒకేలా ఉన్నాయి. శుక్రవారం దాంతో కలిపి నాలుగు. కూర్చో. నేను పట్టుకుంటాను.”

“పట్టుకోనక్కర్లేదు. …ఆ పేజీ ఎవరిది సిస్టర్?”

“పరీక్ష ఇద్దరికమ్మా. మొదటి పేజీ మామ్మగారిది, రెండో పేజీ ఇంటి మనిషిది. ఇంటికి పంపే ముందు ఇద్దర్నీ చూస్తాం.”

“నాకెవరూ చెప్పలేదే.”

“చెప్పాం. మీరు నాకేం పరీక్ష అని నవ్వారు.”

“ఒరేయ్, నీకెప్పుడు తెలిసింది?”

“మూడు వారాల కింద, మా ఇంట్లో నీ చేతిలోంచి గ్లాసు జారినప్పుడు అనుమానం వచ్చింది. తడి చెయ్యి అన్నావు. తర్వాత నీ చెప్పు జారడం చూశాను. రెండుసార్లు పట్టీ కుట్టించాను. పట్టీ బాగానే ఉందని కుట్టేవాడు డబ్బులు తీసుకోలేదు.”

“అమ్మకి?”

“అమ్మకి నాకంటే ముందే తెలుసు. నువ్వు అన్నం కలిపి పెడుతుంటే ముద్ద మీద నీ వేళ్ళు మూసుకోవడం లేదని చూసింది.”

“ఒక్క మాట అనలేదు.”

“అంటే నువ్వు రావడం మానేస్తావని భయపడింది. ఆస్పత్రికి పదమని నేను ఎన్నిసార్లు అడిగాను? అమ్మ పని అయ్యాక చూద్దామన్నావు. అమ్మ పని ఎప్పటికవుతుందక్కా?”

“సిస్టర్, అయితే మా అమ్మ పాసయిందా?”

“నిన్ననే డాక్టరుగారు ఇంటికి వెళ్ళొచ్చని రాశారు. ఆవిడే ఒప్పుకోలేదు. ‘నేనింటికెళ్తే నా కూతురు నన్నెత్తుతుంది, వద్దన్నా ఎత్తుతుంది, ఒకరోజు ఇద్దరం కింద పడి ఉంటాం, తలుపు తీసేవాళ్ళు కూడా ఉండరు’ అన్నారు. పైన పడక తనే అడిగి డాక్టరుగారితో రాయించుకున్నారు. పైకి పంపమని ఎవరు చెప్పారని అడిగారుగా, ఆ కాగితం మీద సంతకం ఆవిడదే.”

“నన్నడగకుండా.”

“మిమ్మల్ని అడిగితే ఏం చెప్పేవారమ్మా?”

“…వద్దనేదాన్ని.”

“ఆవిడా అదే అన్నారు.”

“కింద బండి మనిషి ఎదురుచూస్తున్నాడు.”

“నేను పంపించేస్తానక్కా. ముందు మొదటి అంతస్తుకి వెళ్దాం. స్కాను గది రెండున్నరకి మనకోసం ఖాళీగా పెట్టారు. నేను పక్కనే ఉంటాను.”

“మనకోసం. అన్నీ ముందే కుదుర్చుకున్నారన్నమాట. సరే, వస్తాను. కానీ నాకింకో సందేహం ఉంది.”

“ఏంటి?”

“అమ్మ తనంతట తను ఖాళీ చేసిన మంచం. దీని కోసం బయట ఎంతమంది పడిగాపులు పడుతున్నారో నాకు తెలుసు. ఎవరికిచ్చారు? ఆ కార్డు చూసేదాకా కదలను.”

“సిస్టర్ గారూ…”

“చూడనివ్వండి తమ్ముడుగారూ. ఎలాగూ చూడాల్సిందేగా.”

“పక్కకి జరుగు, వెలుతురు రానీ. …ఇదేంటి, ఇది అమ్మ రాత.”

“అవునక్కా.”

“ఈ వార్డులో ఎవరి కార్డు వాళ్ళే రాసుకోవాలిగా, చేతికి పని అని. అమ్మ ఐదు కార్డులు చించి ఆరోది రాసింది. అక్షరాలన్నీ గాలికి ఒరిగినట్టుంటాయి. ఇవి అవే. అంటే మంచం ఇంకా అమ్మదేనా? మళ్ళీ వస్తుందా?”

“మామ్మగారు రోజూ సాయంత్రం నాలుగింటికి కిందికి వస్తానన్నారమ్మా. మెట్లు లెక్కపెట్టించడానికి.”

“ఎవరిచేత?”

“చదువక్కా.”

“…కొత్త కార్డు ఇది. సిరా ఇంకా మెరుస్తోంది. రాత అమ్మదేరా. కానీ పేరు నాది.”